ఎపిసోడ్ ఒక్కటే, కన్నీళ్లు ఏళ్ల నాటివి

హెన్రీ బ్లేక్ అనే మనిషి ఈ భూమ్మీద ఎన్నడూ బతకలేదు. అయినా 1975 మార్చి 18 రాత్రి అతను పోయాడన్న కబురు విని అమెరికాలో ఎన్నో ఇళ్లలో జనం ఏడ్చారు. కొందరికి ఏడుపుతో పాటు కోపమూ వచ్చింది. ఆ కార్యక్రమం తీసినవాళ్లకు వెయ్యికి పైగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. నవ్వుకుందామని టీవీ ముందు కూర్చుంటే ఇంత అన్యాయం చేస్తారా అన్నది చాలామంది ఫిర్యాదు.

టీవీ చూసి ఏడ్చేవాళ్లను మనం తేలిగ్గా తీసేస్తాం. "అది నటనే కదా" అని నవ్వుతాం. పోనీ, చావు చూపిస్తే చాలు ఏడుపు వచ్చేస్తుందని సరిపెట్టుకుందామా అంటే అదీ కుదరదు. టీవీలో చావుకు కొదవేముంది? వార్తల్లో, సీరియళ్లలో, సినిమాల్లో రోజూ ఎందరో పోతుంటారు. మనం అన్నం తింటూనే చూస్తాం. వందల ఎపిసోడ్లు కంటి ముందు నుంచి వెళ్లిపోతుంటే ఏదో ఒక్కటి మాత్రం గొంతులో అడ్డుపడుతుంది. అలాంటి మూడింటిని కాస్త దగ్గరగా చూస్తే అందులోని పనితనం అర్థమవుతుంది.

దాచిపెట్టిన ఆఖరి పేజీ

హెన్రీ బ్లేక్ కనిపించేది 'మ్యాష్' అనే అరగంట హాస్య ధారావాహికలో. 1950ల నాటి కొరియా యుద్ధం నేపథ్యం. యుద్ధభూమికి దగ్గర్లో గుడారాల్లో నడిచే సైనిక ఆసుపత్రి. గాయపడినవాళ్లు హెలికాప్టర్లలో వస్తుంటారు, డాక్టర్లు కోసి కుడుతుంటారు, మతి చెడకుండా ఉండేందుకు జోకులేసుకుంటుంటారు. ఆ ఆసుపత్రికి పెద్ద బ్లేక్. అధికారం చెలాయించడం చేతకాని మంచి మనిషి. చేపలు పట్టేవాళ్లు పెట్టుకునే టోపీ ఒకటి నెత్తిన పెట్టుకు తిరుగుతుంటాడు.

ఆ పాత్ర వేసిన మెక్లీన్ స్టీవెన్సన్ కార్యక్రమం నుంచి తప్పుకుంటానన్నాడు. ఇలాంటప్పుడు పాత్రను ఏదో ఊరికి బదిలీ చేసి పంపేయడం పరిపాటి. మూడో సీజన్ చివరిదైన 72వ ఎపిసోడ్ మొదట్లో అలాగే కనిపిస్తుంది. బ్లేక్‌కు సైన్యం నుంచి విడుదల వచ్చింది, భార్యాబిడ్డల దగ్గరికి వెళ్తున్నాడు. విందు, వెక్కిరింతలు, కౌగిలింతలు. హెలికాప్టర్ ఎక్కబోతూ, ఇన్నాళ్లూ తనను కనిపెట్టుకుని ఉన్న రాడార్ అనే కుర్రాణ్ని దగ్గరికి తీసుకుంటాడు. కథ అక్కడ ముగిసిందనే ప్రేక్షకులు అనుకున్నారు. ముగిసిందనే నటులూ అనుకున్నారు.

కానీ దర్శకుడు లారీ గెల్‌బార్ట్ దగ్గర ఇంకొక పేజీ ఉంది. దాన్ని చిత్రీకరణ ఆఖరిదాకా నటులకు చూపించలేదు. ఆ సన్నివేశంలో రాడార్ ఆపరేషన్ గదిలోకి వస్తాడు. బ్లేక్ ఎక్కిన విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారని, ఎవరూ మిగల్లేదని చదువుతాడు. అంతే. ఎవరూ గుండెలు బాదుకోరు. బల్లల మీద మనుషుల పొట్టలు తెరిచి ఉన్నాయి, చేతులు ఆపితే వాళ్లు పోతారు. డాక్టర్లు కుట్లు వేస్తూనే ఉంటారు. మాస్కుల పైన కళ్లు మాత్రం కనిపిస్తాయి. ఎక్కడో ఒక పరికరం జారి నేల మీద పడిన చప్పుడు వినిపిస్తుంది.

ఆనాటి అమెరికన్ హాస్య కార్యక్రమాల్లో వెనక నుంచి రికార్డు నవ్వులు వినిపించడం మామూలు. ఆపరేషన్ గది సన్నివేశాలకు మాత్రం ఆ నవ్వులు వద్దని గెల్‌బార్ట్ ఛానల్‌ను ఒప్పించాడు. అందువల్ల ఆ గది అంటే హాస్యం ఆగే చోటని ప్రేక్షకుల చెవికి అప్పటికే అలవాటైంది. ఆ ఒక్క నిమిషం కోసం మూడేళ్లుగా నేల సిద్ధమైందన్నమాట. యుద్ధంలో చావు మంచీ చెడూ చూసి రాదు, ఇంటికి టికెట్ చేతికొచ్చాక కూడా రావచ్చు. తీసినవాళ్లు చెప్పదలచుకున్నది అదే. ఆ ఎపిసోడ్ వచ్చిన ఆరు వారాలకు సైగాన్ పతనమై వియత్నాం యుద్ధం ముగిసింది. చూసినవాళ్లలో నిజంగానే కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఎందరుంటారో ఊహించుకోవచ్చు.

సినిమాకు లేనిది, టీవీకి ఉన్నది

సినిమా చేతిలో ఉండేది రెండున్నర గంటలు. ఆలోగా మనిషిని పరిచయం చేయాలి, ఇష్టపడేలా చేయాలి, పోగొట్టాలి. టీవీకి ఆ తొందర లేదు. పాత్రలు వారం వారం, మన దగ్గరైతే రోజూ, నిర్ణీత సమయానికి మన ఇంట్లోకే వస్తాయి. మనం కూర ముక్కలు తరుగుతుంటాం, పిల్లలకు జడలు వేస్తుంటాం, వాళ్లు అక్కడ మాట్లాడుతుంటారు. డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే అమెరికన్ పరిశోధకులు 1956లోనే ఈ సంగతి గమనించి రాశారు. తెర మీది మనిషికి మనమెవరో తెలియదు, మనకు మాత్రం అతను బాగా తెలిసినవాడే అనిపిస్తుంది. ఒకవైపు నుంచే నడిచే స్నేహం ఇది. అలాగని మనసు దాన్ని అబద్ధపు ఖాతాలో వేయదు. మాటతీరు, నడక, అలవాట్లు తెలిసిన మనిషి మీద ఎంత మమకారం పుట్టాలో అంతా పుడుతుంది.

తెలుగు ఇళ్లకు దీని గురించి వేరే ఉదాహరణ అక్కర్లేదు. స్టార్ మాలో 'కార్తీకదీపం' నడిచినన్నాళ్లూ అందులోని కథానాయికను ప్రేమి విశ్వనాథ్ అన్నవాళ్లు తక్కువ, వంటలక్క అన్నవాళ్లే ఎక్కువ. ఆమె కేరళ అమ్మాయి అని, మలయాళ మాతృకలోనూ ఆ పాత్ర తనే వేసిందని తెలిసినా ఆ పిలుపు మారలేదు.

కాబట్టి ఏడిపించిన ఎపిసోడ్‌కు దక్కే పేరంతా దానిదే కాదు. నెలనెలా చీటీ కట్టినట్టు ప్రేక్షకుడు కొద్దికొద్దిగా పరిచయం కూడబెడతాడు; ఆ ఎపిసోడ్ పాట పాడి మొత్తం ఒక్కసారి ఎత్తుకుంటుంది. ముందువి ఏవీ చూడకుండా ఆ ఒక్కటే చూసినవాడికి కళ్లు చెమ్మగిల్లకపోతే వాడిది రాతిగుండె అనుకోనక్కర్లేదు. వాడు చీటీ కట్టలేదు, అంతే.

హూపర్ గారి బొమ్మ

రెండో ఎపిసోడ్ చిన్నపిల్లలది. 'సెసమీ స్ట్రీట్'లో మూల దుకాణం నడిపే ముసలాయన హూపర్. ఆ పాత్ర వేసిన విల్ లీ 1982 డిసెంబరు 7న కన్నుమూశారు. తీసేవాళ్ల ముందు మూడు దారులున్నాయి: ఇంకో నటుణ్ని పెట్టడం, ఊరు వదిలి వెళ్లాడని చెప్పడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. చూసేది మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలు. అయినా మూడో దారే ఎంచుకున్నారు. పిల్లల మనస్తత్వ నిపుణులను సంప్రదించారు. జబ్బు చేసి పోయాడంటే ప్రతి జ్వరానికీ పిల్లలు భయపడతారు కనుక జబ్బు మాట ఎత్తలేదు. స్వర్గం, దేవుడు వంటివి ఇంటింటికీ వేరు కనుక వాటి జోలికీ పోలేదు. ప్రసారానికి 1983 నవంబరు 24ను ఎంచుకున్నారు. ఆ రోజు అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగ, పెద్దవాళ్లు ఇంట్లో ఉంటారు. పిల్లవాడు అడిగితే జవాబు చెప్పేందుకు పక్కన ఒకరుండాలన్నది వాళ్ల ఆలోచన.

కథ చాలా చిన్నది. మనసు ఇంకా ఆరేళ్ల పిల్లాడిదే అయిన పెద్ద పసుపు పక్షి, బిగ్ బర్డ్, అందరి బొమ్మలూ గీసి పంచిపెడుతుంది. హూపర్ బొమ్మ మిగిలిపోతుంది. ఆయన వచ్చాక ఇస్తానంటుంది. ఆయన చనిపోయాడని, చనిపోయినవాళ్లు తిరిగి రారని పెద్దవాళ్లు మెల్లగా చెప్తారు. ఇక ఎప్పటికీ రాడా అని అడుగుతుంది. మరి నాకు పాలు కలిపి ఇచ్చేదెవరు, కథలు చెప్పేదెవరు అని అడుగుతుంది. ఇలాగే ఎందుకు జరగాలి, ఒక్క కారణం చెప్పమంటుంది. కారణం ఎవరి దగ్గరా లేదు. ఊరికే, అలా జరుగుతుంది, అంతే అన్నదే జవాబు.

ఆ పెద్దవాళ్ల కళ్లలో నీళ్లు నటన కావు. వాళ్లు ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన మనిషిని నిజంగా పోగొట్టుకున్నారు. దీనికి తోడు ఒక పాత అలవాటు అక్కరకొచ్చింది. బిగ్ బర్డ్ ఎప్పుడూ హూపర్ పేరు తప్పుగా పలికేది, ఆయన దిద్దేవాడు. పిల్లలకు అదొక సరదా. ఈసారీ తప్పే పలికింది. దిద్దడానికి ఆయన లేడు, ఆ పెద్దవాళ్లలో ఒకరైన మారియా దిద్దింది. ఇన్నేళ్లు నవ్వించిన చిన్న సరదా ఆ రోజు మరోలా తగిలింది. లోటు ఎంతటిదో పెద్ద మాటల్లో చెప్పనక్కర్లేదని, రోజూ చేసే చిన్న పని ఒకటి ఆగితే చాలని ఆ రచయితకు తెలుసు.

ఒక బస్తా బియ్యం

అదే 1983లో జపాన్‌లో ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసిన 'ఒషిన్' ఇంకోరకం. రోజుకు పావుగంట చొప్పున 297 ఎపిసోడ్లు. రచయిత్రి సుగాకో హషిదా. సగటున 52.6 శాతం వీక్షణ వచ్చింది, ఒక దశలో 62.9కి చేరింది. తర్వాత అరవైకి పైగా దేశాల్లో చూశారు.

అందరికీ గుర్తుండిపోయిన ఘట్టం మొదట్లోనే వస్తుంది. 1907, మంచు ముంచెత్తే యమగత పల్లె. కౌలు రైతు ఇల్లు, తినడానికి లేదు. ఏడేళ్ల ఒషిన్‌ను ఏడాదిపాటు ఒక కలప వ్యాపారి ఇంట పనికి పెడితే బస్తా బియ్యం ఇస్తారు. పిల్ల మొదట వెళ్లనంటుంది. కడుపులో బిడ్డ వద్దనుకుని తల్లి గడ్డకట్టే చలిలో నదిలో దిగి నిలబడడం కంటబడ్డాక, తనే వెళ్తానంటుంది. ఆమె ఎక్కిన తెప్ప మొగామి నది మీద సాగిపోతుంది.

ఇక్కడ పరిచయం ఇంకా కొద్ది రోజులదే. మరి కన్నీళ్లు ఎక్కడివి? అవి చూసేవాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి. 1983 నాటికి జపాన్ సంపన్న దేశం. కానీ ఆ ప్రేక్షకుల అమ్మమ్మలు, నాయనమ్మలు ఇలాంటి రోజులు చూసినవాళ్లే. దేశం దాటినా ఆకలి అందరికీ తెలుసు, తిండి కోసం పిల్లల్ని దూరం పంపిన ఇళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. పైగా ఆ పిల్లను ఎవరూ ఈడ్చుకెళ్లలేదు, ఒప్పుకుని వెళ్లింది. బలవంతం చేస్తే చూసేవాడికి కోపం వచ్చేది. ఒప్పుకుంది కనుక దుఃఖం వచ్చింది.

ఒంట్లో జరిగేది, ఆలంకారికులు చెప్పింది

కంట్లో నీరు మూడు రకాలు: కంటిని తడిగా ఉంచేది ఒకటి, ఉల్లిపాయ కోస్తే వచ్చేది ఒకటి, మనసు కదిలితే వచ్చేది ఒకటి. మూడో రకం మేలు చేస్తుందా అన్నది పాత ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందికి విషాద చిత్రాలు చూపించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడ్చినవాళ్లకు సినిమా అవగానే మనసు మరింత బరువెక్కింది. 20 నిమిషాలకు మామూలైంది. 90 నిమిషాలకు సినిమా మొదలుకాకముందు కన్నా తేలికపడింది. ఏడవనివాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే ఏడుపు ఊరట ఇస్తుంది గానీ కొంచెం ఆలస్యంగా ఇస్తుంది.

మన ఆలంకారికులు దీన్నే ఇంకో వైపు నుంచి చూశారు. భరతుడు కన్నీటిని ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటిగా లెక్కపెట్టాడు. దుఃఖం చూసి ఆనందించడమేమిటన్న ప్రశ్నకు భట్టనాయకుడు, ఆ తర్వాత అభినవగుప్తుడు సాధారణీకరణంతో జవాబిచ్చారు. సొంత దుఃఖం మనిషిని నలిపేస్తుంది. రంగస్థలం మీది దుఃఖం ఫలానా వ్యక్తిది అన్న ముద్ర వదిలించుకుని అందరిదీ అవుతుంది. అందుకే దాన్ని భరించగలం, ఆస్వాదించగలం. సీతను రాముడు అడవికి పంపుతాడని తెలియని తెలుగువాడు లేడు. అయినా 1963 నాటి 'లవకుశ'లో అంజలీదేవిని చూసి తరాలు ఏడ్చాయి. కన్నీటికి ఆశ్చర్యం అవసరం లేదు, ముగింపు ముందే తెలిసినా అది ఆగదు.

ఏడిపించడం, ఏడ్చి చూపించడం

పై మూడింటిలోనూ తెర మీద ఎవరో ఒకరు దుఃఖాన్ని ఆపుకుంటున్నారు. డాక్టర్లకు పని ఉంది, పెద్దవాళ్ల ఎదురుగా పసిమనసు ఉంది, ఒషిన్ ఎదురుగా తల్లి ఉంది. వాళ్లు ఆపుకున్నది మన కళ్లలో నుంచి వస్తుంది. మన డైలీ సీరియళ్లలో చాలావాటికి ఈ మెలకువ తక్కువ. పరిచయానికి లోటు లేదు, వారానికి ఐదారు రోజులు కనిపిస్తారు. కానీ పాత్ర తానే వెక్కివెక్కి ఏడుస్తుంది, కెమెరా అదే ముఖం మీదికి మూడుసార్లు దూకుతుంది, వాయిద్యాలు హోరెత్తుతాయి. మన వంతు ఏడుపు కూడా వాళ్లే ఏడ్చేస్తే మనకు మిగిలేదేమీ ఉండదు.

రెండో ఇబ్బంది, చావుకు విలువ లేకపోవడం. 2000లో మొదలైన హిందీ సీరియల్ 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో మిహిర్ పాత్ర చనిపోతే దేశమంతా గగ్గోలు పుట్టింది. తీసినవాళ్లు ప్రేక్షకుల కోరిక మన్నించి అతన్ని బతికించారు. అభిమానులు సంతోషించారు, అదీ న్యాయమే. కానీ ఆ తర్వాత సీరియల్‌లో ఎవరు పోయినా 'మళ్లీ వస్తాడులే' అనుకునే వీలు దొరికింది. 'మ్యాష్' వాళ్లు వెయ్యి ఉత్తరాలు వచ్చినా బ్లేక్‌ను వెనక్కి తేలేదు. ఆ ఎపిసోడ్ యాభై ఏళ్ల తర్వాత కూడా చర్చకు రావడానికి ఆ పట్టుదలే ముఖ్య కారణం.

మంచి కన్నీటిని, పిండుకున్న కన్నీటిని వేరుచేయడానికి సులువైన పరీక్ష ఉంది: సంగీతం లేకుండా ఆ సన్నివేశాన్ని ఊహించుకోండి. అప్పుడూ నిలబడితే బలం కథలోనే ఉంది. పరీక్షలో ఎపిసోడ్ ఓడిపోయినా, దాన్ని చూసి ఏడ్చిన మనిషిని ఎగతాళి చేయనక్కర్లేదు. తెర మీది చావు ఒక్కోసారి వంక మాత్రమే, లోపల కదిలేది ఇంట్లో ఎన్నడూ సరిగా ఏడవని చావు కావచ్చు. కాబట్టి ఇంట్లో ఎవరైనా టీవీ ముందు కళ్లు తుడుచుకుంటుంటే రిమోట్ లాక్కోకండి, అది నటనేనని గుర్తుచేయకండి. ఆ సంగతి వాళ్లకు మీకన్నా బాగా తెలుసు. ఓ గంటన్నర పోనిచ్చి, ఎవరు గుర్తొచ్చారని అడగండి.