పాత ల్యాప్‌టాప్ ఇచ్చే ముందు డిస్కు మార్చి ఇద్దాం



మనలో చాలామంది ఇళ్లలో అల్మరా పైఅరలో ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటుంది. పిల్లవాడు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. ఉద్యోగం వచ్చాక కంపెనీ వేరేది ఇచ్చింది. ఆన్ చేస్తే తెరుచుకోవడానికి ఐదారు నిమిషాలు పడుతోందని దీన్ని పక్కన పెట్టేశారు. చదువుకునే పేద పిల్లలకు ఇద్దామనే ఆలోచన కూడా ఉంటుంది. మంచి ఆలోచనే. కాని ఉన్నది ఉన్నట్టుగా ఇస్తే, విసిగి మనం పక్కన పెట్టింది వాళ్లకు మాత్రం ఎలా పనికొస్తుంది? ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయాలన్నా ఈరోజు అంతా ఆన్‌లైన్‌లోనే. గడువు చివరి రోజున మిషను మొరాయిస్తే పోయేది ఆ పిల్లల సీటు.

అసలు అది నెమ్మదించడానికి కారణం చాలాసార్లు ఒక్క భాగమే. అదే హార్డ్ డిస్కు.

హార్డ్ డిస్కులో గుండ్రటి పళ్లేలు తిరుగుతుంటాయి. ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఇవి నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. సమాచారం చదివే చిన్న ముల్లు కావలసిన చోటికి జరగాలి, ఆ భాగం తిరిగి దాని కిందికి రావాలి. అలా ఒక్కో చోటికి వెళ్లడానికి సుమారు 12 నుంచి 15 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు వంద చోట్ల నుంచి తేవడం కూడా కష్టమే. విండోస్ తెరుచుకోవాలంటే వేర్వేరు చోట్ల ఉన్న వేలాది చిన్న ఫైళ్లు కావాలి. ఆలస్యమంతా అక్కడే.

సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. మన ఫోన్లో ఉన్నటువంటి మెమొరీ చిప్పులే అందులోనూ ఉంటాయి. ఏ మూలనున్న ఫైలైనా మిల్లీసెకనులో పదో వంతు సమయంలోనే దొరుకుతుంది. వరసగా పెద్ద ఫైలు చదివేటప్పుడు కూడా పాత డిస్కు సెకనుకు వంద ఎంబీ దాకా ఇస్తే, మామూలు సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాకా ఇస్తుంది.

మనకు తెలిసిన పోలిక ఒకటి చెప్పుకుందాం. గోదావరిలో ఎంత నీరున్నా ధవళేశ్వరం దగ్గర కాలువ తూము సరిగా తెరుచుకోకపోతే పొలానికి చేరేది ఆ సందులో పట్టినంతే. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ నిండు గోదావరి, పాత డిస్కు ఇరుకు తూము. తూము మారిస్తే చాలు, నది మార్చనక్కరలేదు.

మీ ల్యాప్‌టాప్‌లో ఏ డిస్కు ఉందో తెలుసుకోవడం తేలిక. విండోస్ 10 లేదా 11 ఉంటే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ దగ్గర చూడండి. హెచ్‌డీడీ అని ఉంటే మార్చవలసిందే. ఎస్‌ఎస్‌డీ అని ఉంటే నెమ్మదికి కారణం వేరే ఉంది. ర్యామ్ ఎంతో కూడా అక్కడే తెలుస్తుంది. 4 జీబీ కనీసం ఉండాలి, 8 జీబీ అయితే హాయి. 2 జీబీయే ఉండి, పెంచే వీలు లేకపోతే డిస్కు మార్చినా పెద్దగా ఫలితం ఉండదు. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని ముందు తీయించాలి, అది ప్రమాదకరం. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే దానికి ఎస్‌ఎస్‌డీ మందు కాదు.

కొనేటప్పుడు మోడల్ నంబరు షాపులో చూపించండి. పాత వాటికి ఎక్కువగా రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. కొన్నింటిలో చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే ఎం.2 రకం పడుతుంది. అందులోనూ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. ఒకదాని బదులు మరొకటి పనిచేయకపోవచ్చు. విద్యార్థి అవసరానికి 256 జీబీ చాలు. ధరలు నెలనెలా మారుతుంటాయి కాని, కొత్త ల్యాప్‌టాప్ ధరలో ఇది చిన్న భాగమే. తెలిసినవారి చేతిలో బిగించే పని అరగంట.

ఇక దాతలు తప్పక గమనించవలసిన సంగతి. పాత డిస్కులో మీ బ్యాంకు కాగితాలు, ఆధార్ కాపీలు, ఇంటి ఫొటోలు ఉంటాయి. డిలీట్ కొడితే పోయాయనుకుంటాం. నిజానికి పోయేది వాటి చిరునామా మాత్రమే. వాటి మీద వేరే సమాచారం పడేదాకా తెలిసినవాడు వాటిని వెనక్కి తీయగలడు. డిస్కు మార్చి ఇస్తే ఈ బెంగ ఉండదు. ల్యాప్‌టాప్ పిల్లలకు వెళుతుంది, పాత డిస్కు మీ దగ్గరే ఉంటుంది. చిన్న యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టుకుంటే ఫొటోలు దాచుకోవడానికి పనికొస్తుంది కూడా. అయితే విప్పే ముందే ఒకసారి మీ ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి.

కొత్త డిస్కులో ఏ సిస్టమ్ వేయాలి? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 చాలా పాత ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. అటువంటి వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ మింట్, ఉబుంటు వంటివి వేయవచ్చు. బ్రౌజర్, లెక్కల పట్టికలు, ప్రోగ్రామింగ్ అన్నీ వాటిలో చక్కగా నడుస్తాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా తయారు చేసింది. విద్యార్థి కోర్సుకు విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటే మాత్రం ఆ సంగతి ముందే అడిగి తెలుసుకుని, సరిపోయే మిషను ఇవ్వడం మేలు.

ఎస్‌ఎస్‌డీకీ ఒక లోపముంది. పాత డిస్కు చాలాసార్లు కీచుమని ముందే హెచ్చరిస్తుంది. ఇది ఒక్కోసారి చెప్పకుండా ఆగిపోతుంది, లోపలివి తిరిగి తీయడం కష్టం. ప్రాజెక్టు పని పెన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో మరో కాపీ ఉంచుకోమని ఇచ్చేటప్పుడే పిల్లలకు చెప్పాలి. ఒక మేలు కూడా ఉంది. కాలేజీ బస్సు కుదుపులకు తిరిగే డిస్కులా ఇది దెబ్బతినదు.

కొత్త ల్యాప్‌టాప్ కొనివ్వగలిగినవారు తప్పక కొనివ్వండి. అంత వీలు లేనివారు పైఅరలో ఉన్నదాన్ని ఒకసారి దించి, దుమ్ము తుడిచి, డిస్కు సంగతి చూడండి. మీ ఇంట్లో ఐదు నిమిషాలకు గాని లేవని ఆ మిషను, కొద్దిపాటి ఖర్చుతో అర నిమిషంలో లేచి మరో ఇంట్లో నాలుగేళ్ల చదువుకు తోడుంటుంది.