కీమోలు అయిపోయాయి... ఆ తర్వాత?

*క్యాన్సర్ చికిత్స ముగిసిన రోజున ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. జబ్బుపడ్డ మనిషికి మాత్రం కోలుకునే పని అప్పుడే మొదలవుతుంది. ఆ పనిలో సలహాలిచ్చేవాళ్లు చాలామంది. కావాల్సింది తోడుండేవాళ్లు.*

ఆఖరి కీమో ఎక్కింది. కరెంటు పెట్టడమూ (రేడియేషన్) పూర్తయింది. ‘ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి, చాలు’ అన్నారు డాక్టరు గారు. ఇంట్లోవాళ్లు తిరుపతి మొక్కుకు టికెట్లు తీశారు. చికిత్స చేయించుకున్న ఆవిడకేమో నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అరికాళ్లు తిమ్మిరెక్కి, కాలి చెప్పు జారిపోయినా తెలియదు. ‘తగ్గిపోయింది కదా, ఇంకా ఈ నీరసమేంటి?’ అని ఇంటాయన విసుగు.

అది బద్ధకం కాదు. కొన్ని కీమో మందులు నరాలను దెబ్బతీస్తాయి. రేడియేషన్ తెచ్చిపెట్టే అలసట నెలల తరబడి ఉండొచ్చు. పైగా, నిన్నటిదాకా ఏ రోజు ఏం చేయాలో ఆసుపత్రే చెప్పేది. ఇప్పుడు చెప్పేవారుండరు. తానూ క్యాన్సర్‌ను ఎదుర్కొన్న అమెరికా వైద్యుడు ఫిట్జ్‌హ్యూ ముల్లన్ 1985లోనే ఈ సంగతి రాశారు. రోగిని ‘నయమైంది’, ‘కాలేదు’ అని రెండు గడుల్లో పెట్టలేమనీ, చికిత్స తర్వాతి కాలాన్ని కూడా వైద్యం పట్టించుకోవాలనీ వాదించారు.

మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా వంటి ఆసుపత్రులు క్యాన్సర్ చికిత్సను పేదలకు దగ్గర చేశాయి. చికిత్స ముగిశాక మాత్రం చాలామంది తమ దారి తామే వెతుక్కుంటున్నారు.

గోడ మీద పెన్సిల్ గీత

రొమ్ము ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు తీసేస్తే ఆ చేతికి నీరు పట్టే అవకాశం ఉంటుంది. దాన్ని తరచూ ముందుగా పసిగట్టేది గాజులే. నిన్నటిదాకా వదులుగా ఆడినవి బిగుసుకుంటాయి, జాకెట్టు చెయ్యి ఒకవైపే పట్టేస్తుంది. అప్పుడే చూపించుకుంటే ఫిజియోథెరపీతో, బిగుతు తొడుగుతో అదుపులో ఉంటుంది. వదిలేస్తే చెయ్యి గట్టిపడుతుంది. భుజం పట్టేయకుండా చేయించే వ్యాయామానికి ఓ గోడ చాలు. గోడకెదురుగా నిలబడి వేళ్లను సాలీడులా పైకి పాకించి, అందినచోట పెన్సిల్‌తో గీత పెట్టాలి. ఆ గీత కొద్దికొద్దిగా పైకి జరగాలి.

నోటి క్యాన్సర్‌ది మరో కష్టం. గుట్కా, ఖైనీ సరేసరి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని పీల్చడం, అంగిలికే ఎసరు పెడుతుంది. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక కొందరికి దవడలు బిగుసుకుంటాయి. మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన నోట్లో ఒక్క వేలూ దూరదు. ఇక ముద్ద ఎలా వెళ్తుంది? అందుకే ఐస్‌క్రీమ్ పుల్లలను దొంతరగా పళ్ల మధ్య పెట్టించి, కొన్నాళ్లకో పుల్ల చొప్పున పెంచుతారు. అంగిలి తీసేసినవాళ్లు నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో పలుకుతుంది. కట్టుడు పళ్ల వైద్యులు కొలత తీసి ప్లేటు అమరిస్తే తిండీ మాటా రెండూ చాలావరకు దారికొస్తాయి. ఈ సాయం ఉందని తెలియకే ఎందరో నలుగురిలో భోజనానికి కూర్చోవడం మానేస్తారు.

పుస్తకం ఇస్తే సరిపోదు

ప్రధానంగా కెనడా, ఆస్ట్రేలియాల్లో సాగిన ఓ అధ్యయనం 2025లో వెలువడింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆహారం, వ్యాయామం గురించి పుస్తకాలిచ్చారు. రెండో జట్టుకు వాటితో పాటు మూడేళ్లు శిక్షకుల తోడు కూడా ఇచ్చారు. చేయించింది కఠినమైన కసరత్తేమీ కాదు, వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట నుంచి గంట దాకా వడివడిగా నడవడంతో సమానం. ఎనిమిదేళ్లకు మొదటి జట్టులో నూటికి 83 మంది, రెండో జట్టులో 90 మంది బతికున్నారు.

ఇది ఒక రకం క్యాన్సర్ లెక్క. అన్నిటికీ ఇదే వర్తిస్తుందనలేం. గుండె, ఎముకలు బలహీనపడ్డవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. అయినా ఒకటి తేలింది. ‘రోజూ నడవమ్మా’ అని చెప్పి పంపడం వేరు, వెంట ఉండి నడిపించడం వేరు.

పరామర్శలు, పథ్యాలు

చూడ్డానికొచ్చిన పిన్నిగారు కాఫీ తాగుతూ ‘మా ఆడపడుచుకీ ఇలాగే తగ్గిందమ్మా, రెండేళ్లకు తిరగబెట్టింది’ అంటుంది. ఆ రాత్రి ఇక నిద్రపట్టదు. రివ్యూ తారీఖు దగ్గరపడేకొద్దీ ప్రతి దగ్గూ, ప్రతి నొప్పీ అనుమానమే. అలాంటప్పుడు ‘ధైర్యంగా ఉండు’ అనేకన్నా ‘దేనికి భయమేస్తోంది?’ అని అడిగి వినడం మేలు. దిగులు వారాల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు. అదే దారిలో నడిచొచ్చినవాళ్ల మాట ఇంకా బాగా తలకెక్కుతుంది. రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న నటి గౌతమి లైఫ్ అగైన్ ఫౌండేషన్ పెట్టింది అందుకే.

వంకాయ వద్దు, గుడ్డు వద్దు, పెరుగు వద్దంటూ పథ్యం పెట్టేవాళ్లూ ఉంటారు. కండ కరిగిన ఒంటికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు మానిపిస్తే కోలుకోవడం ఆలస్యమవుతుంది. నోరు పూసి ఉంటే కారం తగ్గిస్తే సరి. ఇంటిపని విషయంలోనూ రెండు తప్పులు జరుగుతాయి. చికిత్స ముగిసిన మర్నాడే చాకిరీ అంతా మీద వేయడం ఒకటి, గరిటె కూడా ముట్టనివ్వకపోవడం రెండోది. ‘ఈ పూట నువ్వేం చేయగలవు వదినా?’ అని అడిగితే నిర్ణయం ఆవిడదవుతుంది.

ఆఖరి రోజున అడగండి

చికిత్స పూర్తయినవారందరికీ ఇకపై ఏం చేయాలో కాగితం మీద రాసివ్వాలని అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2005లోనే సూచించింది. మీ ఆసుపత్రి తనంతట తాను ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి.

• రివ్యూలు ఎప్పుడెప్పుడు? ఏయే పరీక్షలతో రావాలి?
• ఏ లక్షణం కనిపిస్తే తారీఖు దాకా ఆగకుండా రావాలి? ఫోన్ ఎవరికి చేయాలి?
• మాత్రలు ఎన్నేళ్లు వాడాలి? (రొమ్ము క్యాన్సర్‌లో కొందరికి ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. తగ్గింది కదా అని సొంతంగా మానేయకూడదు.)
• ఏ వ్యాయామం చేయాలి? ఎవరు నేర్పిస్తారు?
• దవడకు రేడియేషన్ ఇచ్చారా? అయితే పన్ను పీకించుకునే ముందు ఎవరిని అడగాలి?
• రైల్వే రాయితీకి సర్టిఫికెట్ ఇస్తారా? (రివ్యూ ప్రయాణాలకూ ఇది వర్తిస్తుంది. స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి నూరు శాతం, తోడొచ్చేవారికి 75 శాతం.)

ఆ కాగితాన్ని ఫైల్లో దాచేయకండి. ఇంట్లో ఎవరో ఒకరు దాని బాధ్యత తీసుకుని, చదివి, దగ్గరుండి చేయించాలి.