మిరపాకు మీద మంచుబొట్లు, సిలికాన్ మీద లోహపు గుంపులు

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న చూద్దాం. సిలికాన్ పలక మీదికి లోహపు ఆవిరిని పంపిస్తే, గోడకి సున్నం వేసినట్టు సమానంగా పరుచుకుంటుందా?

చాలాసార్లు పరుచుకోదు. చలికాలం పొద్దున్నే మన పల్నాడులో ఏ మిరపతోటకైనా వెళ్లి ఆకు చూడండి. గాలిలోని ఆవిరి పొరలాగా కాకుండా బొట్లు బొట్లుగా కూర్చుని ఉంటుంది. లోహం కూడా ఇంచుమించు ఇంతే. పలక మీద పడిన పరమాణువు, తగినంత వేడి ఉంటే, అటూ ఇటూ తిరుగుతుంది. ఇంకొకటి ఎదురైతే జతకడుతుంది. సిలికాన్‌తో కంటే తోటి లోహంతోనే బంధం గట్టిదైతే ఆ జత గుంపవుతుంది.

అయితే ఏంటి అంటారా? చిప్‌లో తీగగా ఉండాల్సిన పలుచని పొర ఇలా బొట్లుగా విడిపోతే కరెంటు ఆగిపోతుంది. అంటే అక్కడ గుంపు కట్టడం నష్టం. కానీ గుంపులే కావాలనుకున్నప్పుడు ఇంకో చిక్కు ఉంది. మంచుబొట్లు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి కదా? ఇంత చిన్న గుంపుల్లో ఒక్క పరమాణువు తేడా వచ్చినా గుణం మారిపోవచ్చు. మరి అన్నీ ఒకే సైజులో రావాలంటే ఎలా?

దీనికి దారి సిలికాన్‌లోనే ఉంది. స్ఫటికంలో 111 అనే తలాన్ని గాలి దాదాపు లేని గదిలో బాగా వేడిచేసి చల్లారిస్తే, పైనున్న పరమాణువులు వాటంతట అవే 7×7 అనే ముగ్గులా సర్దుకుంటాయి. గాలి ఉంటే ఆక్సిజన్ అంటుకుని ముగ్గు చెడిపోతుంది. 1983లో బిన్నిగ్, రోరర్ బృందం స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపుతో ఈ ముగ్గుని పరమాణువు పరమాణువుగా చూపించింది. ఆ మైక్రోస్కోపుని తయారుచేసినందుకు వాళ్లిద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది.

ఈ ముగ్గులో ఒక్కో గడి భుజం సుమారు 2.7 నానోమీటర్లు. గడిలో రెండు త్రిభుజాలుంటాయి. అల్యూమినియం, ఇండియం లాంటి లోహాల్ని సరైన వేడిలో కొద్దికొద్దిగా పంపిస్తే, ఒక్కో త్రిభుజంలో ఆరేసి లోహపు పరమాణువులు చేరతాయి. ఇడ్లీ రేకు గుర్తు తెచ్చుకోండి. గుంత ఎంతో ఇడ్లీ అంత!

వేడే ఇక్కడ అసలు కిటుకు. తక్కువైతే పరమాణువు పడ్డచోటే అతుక్కుంటుంది, గుంత దాకా నడవలేదు. మరీ ఎక్కువైతే ముగ్గే చెదిరిపోయి ఇంకో అమరికలోకి మారిపోతుంది. పొయ్యి మంట చూసుకోవాలన్నమాట. పరమాణువుల్ని మనం ఒక్కొక్కటిగా పేర్చక్కర్లేదు, రేకు సరిగ్గా ఉంటే అవే కూర్చుంటాయి.

ఈసారి మంచు పట్టిన ఆకు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. మళ్లీ కలుద్దాం.