గోదావరిఖనిలో నడినెత్తి పొద్దు ఎన్నింటికి?

మే నెల నడుమ ఒక రోజు గోదావరిఖనిలో నిటారుగా నిలిచిన కరెంటు స్తంభానికి కాసేపు నీడ ఉండదు. పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజది. ఆ ఎండలో బయటికొచ్చి చూసే ఓపిక ఎవరికీ ఉండదు, అది వేరే సంగతి. చూసినవాళ్లు గడియారం మీద కూడా ఓ కన్నేస్తే పన్నెండు దాటి ఎనిమిది నిమిషాలవుతుంది. జులై నెలాఖరున పొద్దు దక్షిణానికి మళ్లుతూ మరోసారి అదే నెత్తి మీదికొస్తుంది. మబ్బు పట్టకపోతే మళ్లీ నీడ మాయం. అయితే ఈసారి పన్నెండూ పద్దెనిమిదికి.

అదే ఊరు, అదే స్తంభం. పది నిమిషాలు ఎటు పోయినట్టు?

ముందుగా ఏడాదంతా మారని తేడా ఒకటుంది. దేశమంతటికీ ఒకే గడియారం, దాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టారు. ఆ గీత కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. గోదావరిఖని దానికి మూడు డిగ్రీలు పడమర. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి ఇక్కడ మధ్యాహ్నం సగటున పన్నెండు నిమిషాలు ఆలస్యం.

మారేది సూర్యుడి నడక. నిజానికి నడిచేది భూమే అయినా, ఆకాశంలో లెక్క కట్టేటప్పుడు కనిపించే నడకే ఆధారం. అది సమంగా సాగదు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా పోతుంది, జులైలో దూరంగా ఉండి నెమ్మదిస్తుంది. పంచాంగకర్తలకు ఇది పాత సంగతే: సూర్యుడు ధనూరాశిని దాటడానికి ఇరవై తొమ్మిదిన్నర రోజులైనా పట్టవు, మిథునానికి దాదాపు ముప్పై ఒకటిన్నర పడతాయి. దీనికి తోడు భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. ఈ రెండూ కలిసి సూర్యుణ్ని గడియారం కన్నా ఒకసారి ముందుకు తోస్తాయి, ఒకసారి వెనక్కి లాగుతాయి. నవంబరు మొదటి వారంలో గోదావరిఖని మధ్యాహ్నం 11:56కే అయిపోతుంది. ఫిబ్రవరి రెండో వారంలో 12:26 దాకా ఆగాలి.

ఈ అరగంటను లెక్క కట్టకపోయినా, బొగ్గు బాయి పనికి పోయేవాళ్లు అనుభవిస్తూనే ఉంటారు. డిసెంబరు 22 దాటితే పగలు పెరుగుతుందని బడిలో చెబుతారు. కానీ ఏడు గంటల మొదటి షిఫ్టుకు మస్టర్ వేయించుకోవడానికి బయల్దేరినవాళ్లకు సంక్రాంతి వెళ్లాక కూడా పొద్దు ఆలస్యంగానే కనిపిస్తుంది. డిసెంబరు 22న ఇక్కడ సూర్యోదయం సుమారు 6:40కి. జనవరి 20న 6:48కి. పెరిగిన పగలంతా సాయంత్రం వైపే చేరుతుంది.

ఇక్కడ తెలివైన కుర్రాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. సూర్యకాంతి మనల్ని చేరడానికి 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది, ఆలోపు సూర్యుడు ఆకాశంలో రెండు డిగ్రీలు జరుగుతాడు. మరి అసలు సూర్యుడు కనిపించేచోటికి రెండు డిగ్రీలు పడమరగా ఉన్నట్టేనా? కాదు. ఆ రెండు డిగ్రీలూ భూమి తన చుట్టూ తాను తిరిగినందువల్ల వచ్చినవి, సూర్యుడు కదిలినందువల్ల కాదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం వల్ల వచ్చే తేడా మాత్రం నిజమే, కానీ అది డిగ్రీలో నూట డెబ్బై అయిదో వంతే. అంతకన్నా పెద్ద మోసం గాలి చేస్తుంది. తెల్లారగానే దిగంతం మీద నిండుగా కనిపించే సూర్యబింబం అప్పటికింకా దిగంతం కిందే ఉంటుంది. వాతావరణం కాంతిని వంచి దాన్ని పైకెత్తి చూపిస్తుంది.

ఈ మోసాలన్నీ తీసేసి లెక్క కట్టాల్సిన మనిషి గని సర్వేయరు. భూగర్భంలో పట్టాలు, ఇనుప దూలాలు దిక్సూచిని పక్కదారి పట్టిస్తాయి. కిలోమీటరు గ్యాలరీలో దిక్కు ఒక్క డిగ్రీ తప్పితే చివర పదిహేడు మీటర్లు పక్కకు పోతారు. నీళ్లు నిండిన పాత తవ్వకాలు ఆ పక్కనే ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే పైన నిజమైన ఉత్తరం తేల్చి, దాన్ని బాయి లోపలికి దింపాలి. ఇప్పుడంటే ఉపగ్రహ పరికరాలు, గైరోస్కోపులు వచ్చాయి. అంతకుముందు ఆధారం నక్షత్రమో సూర్యుడో. నల్లద్దం బిగించిన థియోడొలైట్‌తో చూస్తే సూర్యుడు చుక్కలా కాదు, అర డిగ్రీ వెడల్పు పళ్లెంలా కనిపిస్తాడు, పైగా ఆగడు. రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. కాబట్టి ఓసారి ఈ అంచు, ఓసారి ఆ అంచు పట్టి, ప్రతిసారీ సమయం రాసుకుని, సగటు తీసి కేంద్రాన్ని ఊహించేవారు. మధ్యాహ్నం జోలికి పోయేవారు కాదు. వేసవిలో నెత్తిమీదికొచ్చిన సూర్యుడు నిమిషాల్లో తూర్పు నుంచి పడమరకు దూకేస్తాడు, దిక్కు నిలవదు.

ఈ గనుల బొగ్గు మీద నడిచే రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం, తన జలాశయం మీద సూర్యుడికీ పని పెట్టింది. 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 జులై 1న పూర్తిస్థాయిలో మొదలైంది. 500 ఎకరాల నీటిలో 40 బ్లాకులు, ఒక్కోదాంట్లో 11,200 పలకలు. అవి కొట్టుకుపోకుండా అడుగున వేసిన బరువులకు తాళ్లతో కట్టారు. మన ప్రాంతంలో కదలని పలకలను మామూలుగా దక్షిణానికి వాల్చి అమరుస్తారు. మే నడుమ నుంచి జులై చివరి దాకా మాత్రం ఇక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు.

గ్రిడ్‌లో రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత కరెంటొస్తుందో ముందే లెక్క వేస్తారు. మబ్బుల్లేని రోజున ఇక్కడ పొద్దు అన్నిటికన్నా ఎత్తుకెక్కే క్షణం ఫిబ్రవరిలో యాభయ్యో ముక్కలో పడుతుంది. నవంబరు మొదట్లో నలభై ఎనిమిదో దాంట్లో.