మీకు తెలుసా? బుల్లెట్ పేరు తెచ్చుకుంది బురదలో!

మన ఊళ్లలో దడదడమంటూ తిరిగే బుల్లెట్‌కి తొలి పరీక్ష ఇంగ్లండ్ బురదబాటలోనే. 1948 కోల్మోర్ కప్ ట్రయల్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ దాని నమూనా బండ్లను దించింది. ట్రయల్స్‌లో వేగంతో పనిలేదు. రాళ్లూ వాగులూ దాటుతూ కాలు కింద పెట్టారో, మార్కులు పోయినట్టే. వెనక సస్పెన్షన్ ఉంటే అదుపు తప్పుతుందని అప్పట్లో చాలామంది నమ్మారు. 1952లో జానీ బ్రిటెన్ వెనక సస్పెన్షన్ ఉన్న 350 సీసీ బుల్లెట్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచి ఆ మాట అబద్ధమని తేల్చేశాడు.

అలాంటి పాత బండి దొరికితే? నంబరు ప్లేటు చూసి మురిసిపోకండి. ఫ్యాక్టరీలు పాత నంబరునే కొత్త పోటీబండికి తగిలించేవి. ఇంజిన్ మీద, ఫ్రేమ్ మీద కొట్టిన అంకెలు చూడాలి. ఆకురాయితో అరగదీసి మళ్లీ కొట్టారేమో వేలితో తడిమితే తెలియొచ్చు. ఆ అంకెలను రెడిచ్‌లోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ పాత చిట్టాలతో సరిపోల్చాలి. అవి బ్రిటన్‌లోని ఎన్‌ఫీల్డ్ యజమానుల క్లబ్బు దగ్గర భద్రంగా ఉన్నాయి.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. ఆనాటి రోడ్డు బుల్లెట్ సిలిండర్ పోత ఇనుముది, అయస్కాంతం టక్కున అంటుకుంటుంది. ట్రయల్స్ బండిది తేలికైన అల్యూమినియం, జారిపోతుంది.

ఇక ట్యాంకు మీద సొట్టలుంటే దయచేసి సాపు చేయించకండి. అవి ఏ స్కాట్లండ్ రాయి చేసిన సంతకాలో!