డబ్వాలీ జీపుకి ఏపీ నంబరు వస్తుందా?

చిత్తూరు, తిరుపతి సైడ్ నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, డబ్వాలీలో జీపు చేయిస్తా ఉండా. ఇక్కడికి తెచ్చుకుంటే ఏపీ నంబరు వస్తుందా?" ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఆన్సర్ ముందే చెప్పేస్తా. రావచ్చు, రాకపోవచ్చు. జీపు ఎంత బాగా తయారైందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చాసిస్ మీద కొట్టిన నంబరు, దానికున్న కాగితాలు, ఎదురుగా నిలబెట్టిన బండి, ఈ మూడూ ఒకటే అయితే వస్తుంది. తేడా ఉంటే రాదు.

ముందు డబ్వాలీ అంటే ఏందో చూద్దాం. మండీ డబ్వాలీ హర్యానాలోని సిర్సా జిల్లాలో, పంజాబ్ బోర్డర్ మీద ఉండే ఊరు. అక్కడి వర్క్‌షాపుల్లో పాత జీపుల చాసిస్ తీసుకుని కొత్త బాడీ, వేరే ఇంజిన్, వేరే గేర్‌బాక్స్, పెద్ద టైర్లు వేసి ఆర్డర్ మీద జీపు కట్టిస్తారు. రీల్స్‌లో మీరు చూసే ఓపెన్ జీపులు చాలావరకు ఇలాంటివే. పని బాగానే చేస్తారు, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. లారీలో ఎక్కించి మన ఊరికి పంపించేస్తారు కూడా. సమస్య బండి దిగిన తర్వాత మొదలవుతుంది.

ఫారిన్‌లో దీన్ని కిట్ కార్ అంటారు. బ్రిటన్‌లో ఇంట్లో కారు కట్టుకున్నా, ఆ ఒక్క కారునే టెస్ట్ చేసి అప్రూవల్ ఇచ్చే పద్ధతి ఉంది. పేరు ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్. పాసైతే రోడ్డెక్కొచ్చు. మన దగ్గర సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 126వ రూల్ ఉంది. తయారీదారు తన మోడల్ ప్రోటోటైప్‌ని పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి టెస్టింగ్ ఏజెన్సీకి ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కంపెనీలకు అది మామూలే. ఒక్క జీపు కోసం మీరూ నేనూ చేయించగలిగే పని కాదు.

మీకు గుర్తుందా, 2021 చివర్లో ఒక వీడియో వైరల్ అయింది. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన దత్తాత్రయ లోహార్ అనే ఆయన పాత సామాన్లతో కిక్ కొట్టి స్టార్ట్ చేసే చిన్న నాలుగు చక్రాల బండి కట్టాడు. ఆనంద్ మహీంద్రా మెచ్చుకుంటూనే, ఇది రూల్స్‌కి సరిపోదు కాబట్టి అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపేస్తారన్నారు. ఆ బండి తీసుకుని బదులుగా బొలెరో ఇచ్చారు. దేశమంతా చప్పట్లు కొట్టిన బండికే రోడ్డు మీద చోటు లేదంటే మన జీపు సంగతి ఆలోచించండి.

"అన్నా, నాది కొత్తగా కట్టింది కాదు, పాత ఆర్సీ ఉన్న జీపునే మార్చారు" అంటారు కొందరు. అక్కడ సెక్షన్ 52 వస్తుంది. కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రంగు మార్చడం, అప్రూవ్ అయిన సీఎన్‌జీ కిట్ పెట్టడం లాంటివి పర్మిషన్‌తో చేసుకోవచ్చు. బాడీ, చాసిస్ మార్చేస్తే కుదరదు. చట్టప్రకారం మార్పుకి 5,000 రూపాయల చొప్పున ఫైన్ వేయొచ్చు, ఆరు నెలల వరకు జైలు శిక్ష కూడా ఉంది.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి కదా, నా భాషలో చెప్తా. ఆర్టీఓ డేటాబేస్‌లో చాసిస్ నంబరే ప్రైమరీ కీ. ఓనర్ మారొచ్చు, అడ్రస్ మారొచ్చు, నంబర్ ప్లేట్ కూడా మారొచ్చు. చాసిస్ నంబరు మారదు. ఎప్పుడో తుక్కయిపోయిన జీపు ఆర్సీ తెచ్చి, ఇంకో చాసిస్ మీద ఆ నంబరు పంచ్ చేసి ఇచ్చారంటే, అది మోడిఫికేషన్ కాదప్పా, పోలీస్ కేసు.

సరే, బండి ఒరిజినల్‌గానే ఉంది, కాగితాలు కరెక్ట్‌గా ఉన్నాయి అనుకుందాం. బెంగళూరు కారైనా, వేలూరు బైకైనా, హర్యానా జీపైనా ప్రాసెస్ ఒకటే.

మొదటిది ఎన్ఓసీ. బండి రిజిస్టరైన ఆర్టీఓ ఆఫీసులో, ఆర్సీలో పేరున్న ఓనర్ ఫారం 28 పెట్టాలి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింట్ దానికి జత చేస్తారు. లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల క్లియరెన్స్, ఫారం 35 కావాలి. ఎన్ఓసీలో ఏ ఆఫీసుకి తీసుకెళ్తున్నారో రాస్తారు. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి వేరే జిల్లా, కాబట్టి చిత్తూరా తిరుపతా అన్నది ముందే చూసుకోండి.

రెండోది ఓనర్ మార్పు. ఫారం 29 అమ్మినవాళ్ల సంతకంతో, ఫారం 30 మీ తరఫున.

మూడోది ఇక్కడి నంబరు కోసం ఫారం 27, ఏపీ లైఫ్ ట్యాక్స్, బండి ఇన్‌స్పెక్షన్. ట్యాక్స్ బండి ధర, వయసు చూసి లెక్కేస్తారు. పాత రాష్ట్రంలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగం చాలాచోట్ల రీఫండ్ ఇస్తారు, అడగకపోతే రాదు. ఇన్‌స్పెక్షన్‌లో ఇన్‌స్పెక్టర్ ఆర్సీ ఒక చేత్తో పట్టుకుని బండిని చూస్తాడు. డబ్వాలీ జీపు ఆగిపోయేది ఇక్కడే.

మన బోర్డర్ ఊళ్లలో ఒక మాట బాగా తిరుగుతా ఉంటుంది. "కర్ణాటక బండి ఏడాది దాకా తిప్పుకోవచ్చులే" అని. ఇది సగం నిజం. 12 నెలల మాట సెక్షన్ 47లో ఉంది, అది కొత్త నంబరు తీసుకోవడానికి ఇచ్చిన గడువు. మీరు బండి కొన్నారంటే సెక్షన్ 50 ప్రకారం 30 రోజుల్లో మీ పేరు మీదికి మార్పుకి పెట్టాలి. ట్యాక్స్ విషయం మళ్లీ వేరు. "రోడ్డు మీద కాదు, మా మామిడి తోటలో తిప్పుకుంటా" అనే వాళ్లకి కూడా చెప్తున్నా. రిజిస్ట్రేషన్ లేకుండా పబ్లిక్ ప్లేస్‌లోనే కాదు, వేరే ఏ చోటా నడపకూడదని సెక్షన్ 39లో రాసుంది.

ఇంత ఎందుకు చెప్తున్నానంటే, ఫైన్ కట్టి బయటపడొచ్చు, యాక్సిడెంట్ అయితే బయటపడలేం. 2021 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూడండి. రాజస్థాన్ ఆయన కొత్త బొలెరో కొన్నాడు. టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు అయిపోయింది. అంతలో బండి దొంగల పాలైంది. ఇన్సూరెన్స్ ఉన్నా క్లెయిమ్ ఇవ్వక్కర్లేదని కోర్టు చెప్పింది. ఇక మనిషికి తగిలితే? ఆర్సీలో లేని బాడీ, ఆర్సీలో లేని ఇంజిన్ ఉందంటే ఇన్సూరెన్స్ కంపెనీ గట్టిగా కొట్లాడుతుంది. ఆ పరిహారం మీ మీద, మీ ఇంటి మీద పడొచ్చు.

అమ్మే వాళ్లూ వినండి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, కారు ఎన్ని చేతులు మారినా ఆర్సీలో పేరున్నవాడే ఓనర్, పరిహారం బాధ్యత ఆయనదే అని తేల్చింది. డబ్బు చేతికొచ్చింది కదా అని ఊరుకుంటే, ఎవరో చేసిన యాక్సిడెంట్‌కి మీకు నోటీస్ వస్తుంది.

కాబట్టి అడ్వాన్స్ కొట్టే ముందు నాలుగు పనులు చేయండి. నంబరు ఎంపరివాహన్ యాప్‌లో వేసి మోడల్, ఫ్యూయల్, ఆర్సీ గడువు, లోన్ చూడండి. పదిహేనేళ్లు దాటిన బండైతే ఆర్సీ రెన్యూ అయిందా అడగండి. చాసిస్ నంబరు మీద పెన్సిల్ ప్రింట్ తీసి వీడియో పంపమనండి, గీకిన గుర్తులుంటే వదిలేయండి. ఆర్సీలో పేరున్న మనిషితోనే మాట్లాడి, ఎన్ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇస్తానని చెప్పండి. "కాగితాలు తర్వాత చూసుకుందాం బ్రదర్" అన్నారంటే, ఆ జీపుని రీల్‌లోనే చూసుకుని లైక్ కొట్టండి, చాలు.

జీపు పిచ్చి నాకూ ఉంది. ఒరిజినల్ బాడీతో, రన్నింగ్ ఆర్సీతో ఉన్న పాత మహీంద్రా జీపులు మన జిల్లాల్లో, బెంగళూరు చుట్టుపక్కల ఇంకా దొరుకుతాయి. రీల్‌లో అంత షో ఉండదు కానీ, అలిపిరి దగ్గర బండి ఆపినప్పుడు గుండె దడదడలాడదు.

ఈ వీడియో జీపు కొనాలనుకునే మీ ఫ్రెండ్‌కి పంపండి, అడ్వాన్స్ కట్టకముందే. మళ్లీ కలుద్దాం, బై.