రెండు జాబితాలు, ఒకే నంబరు

తామిచ్చిన సొమ్ము సరైన బిడ్డకే చేరిందా అని అడిగే హక్కు దాతలకుంది. స్కాలర్‌షిప్పుల పనిలో రెండు జాబితాలుంటాయి. ఒకటి దరఖాస్తులది, రెండోది బడి పంపే మార్కులది. రెంటినీ కలిపితేనే ఎవరికివ్వాలో తేలుతుంది.

పేర్లను బట్టి కలిపితే చిక్కే. ఒక్క తరగతిలోనే ఇద్దరు షేక్ మస్తాన్‌లుంటారు. ఒకచోట ‘మహమ్మద్’ అని, మరోచోట ‘ఎం.డి.’ అని రాస్తారు. అలా కలిపి ఒకసారి నేనే ఒకమ్మాయి మార్కులు ఇంకో అమ్మాయి పేరు పక్కన వేశాను. అందుకే అడ్మిషన్ నంబరు కావాలి. బడులు ఎక్కువైతే దాని ముందు బడి కోడ్ చేర్చాలి.

ఎక్సెల్‌లో ‘వీలుకప్’ సూత్రం ఆ నంబరును రెండో జాబితాలో వెతికి, ఎదురుగా ఉన్న మార్కులు తెచ్చిపెడుతుంది. సూత్రం చివర 0 పెట్టడం మరవకూడదు. లేకుంటే అదే నంబరు దొరక్కపోయినా వేరే వరుసలోని మార్కులు తెచ్చే ప్రమాదముంది.

నంబరు దొరకనిచోట ‘ఎన్/ఏ’ అని చూపుతుంది. ఆ వరుసను తీసేయకండి. ముందున్న సున్నా పోయిందేమో, చివర ఖాళీ చేరిందేమో చూడండి. అప్పటికీ కలవకపోతే బడికి ఫోన్ చేయండి. అర్హత ఉండి కూడా, నంబరు కలవనందుకు ఏ బిడ్డా మిగిలిపోకూడదు. మీ సొమ్ము మా చేతిలో అమానత్.